ఊరూరికీ పార్కింగ్ రేటు మారాలా, అన్నిచోట్లా ఒకటే ఉండాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హైదరాబాద్‌కు గంటన్నర దూరంలో ఉన్న మీ ప్రాంతంలో ఒక మున్సిపాలిటీ, రెండు మండల కేంద్రాలు, ఆదివారాలు జనం కిక్కిరిసే గుడి ఉన్న ఒక ఊరు ఉన్నాయి. అన్నిచోట్లా కారుకు గంటకు 20 రూపాయలు పెడితే అందరికీ సమానంగా ఉంటుందని కొందరు అంటున్నారు. మండల కేంద్రాల వాళ్లేమో "మా దగ్గర ట్రాఫిక్కే లేదు, ఫీజెందుకు" అని అడుగుతున్నారు. బజారులో దుకాణదారులు అసలు ఫీజే వద్దంటున్నారు. న్యాయమైన రేటు ఎంత, ఫీజు వసూలు హక్కును వేలం పాటకు ఇవ్వవచ్చా, పాసులు ఎవరికి ఇవ్వాలి అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. రేటు అన్నిచోట్లా ఒకటే ఉండనక్కర్లేదు. రేటు ఎలా పెడతామన్న నియమం మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉండాలి. రద్దీ వేళల్లో స్థలం దాదాపు నిండిపోయే చోట ఫీజు పెట్టండి, నిండేకొద్దీ పెంచండి. సగం ఖాళీగా ఉండే చోట ఫీజు సున్నా. ఈ లెక్కన మీ మున్సిపాలిటీలోనే రెండు మూడు రేట్లు వస్తాయి. మండల కేంద్రాల్లో చాలావరకు ఉచితమే. గుడి ఉన్న ఊళ్లో ఆదివారాలు, పండగలకు ఒక రేటు ఉంటుంది, మిగతా రోజులు ఏమీ ఉండదు.

నేను హైదరాబాద్‌లో ఉంటూ రవాణా ప్రణాళికల పని చేస్తాను. పట్టణాల్లో పార్కింగ్ సర్వేలు చేయించడం, రేట్ల పట్టికలు తయారుచేసి కౌన్సిల్ ముందు పెట్టడం ఏళ్లుగా నా పనిలో భాగం. ఎక్కడికెళ్లినా మొదట వినిపించేది ఇదే మాట: "అందరికీ ఒకటే పెట్టండి సార్, గొడవ ఉండదు." నిజానికి గొడవ అక్కడే మొదలవుతుంది. కోఠిలోని సుల్తాన్ బజార్‌లో శనివారం సాయంత్రం కారు పెట్టుకునే చోటు, సైనిక్‌పురి కాలనీ వీధిలో అదే కారు పెట్టుకునే చోటు ఒకటి కావు. కోఠిలో ఆ చోటు కోసం వెనక పది కార్లు కాచుకుని ఉంటాయి. కాలనీలో ఎవరూ అడగరు. రెండింటికీ 20 రూపాయలే అంటే కోఠిలో అది మరీ తక్కువ, కాలనీలో అది ఉత్త పుణ్యానికి చేసే వసూలు.

అసలు ఫీజు ఎందుకు? ముందు దీని మీద మీ కౌన్సిల్లో ఒక మాట అనుకోండి. కారు నిలబడే గడి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు ఉంటుంది. వచ్చిపోయే దారి కూడా కలిపితే బయటి స్థలంలో ఒక్కో కారుకు దాదాపు 23 చదరపు మీటర్లు కావాలని మన దేశంలో ప్రణాళికలు వేసేవాళ్లు లెక్కగడతారు. చిన్న గదికంటే పెద్దది. ప్రజల స్థలం అంత ఒకరు వాడుకుంటున్నప్పుడు ఇంకొకరికి అది దొరకడం లేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా ఇదే చెప్పింది: పట్టణంలో భూమి విలువైనది, పార్కింగ్ ఫీజు ఆ భూమి విలువకు తగ్గట్టు ఉండాలి. అలాగని భూమి ధర చూసి రేటు కట్టమని నేను చెప్పను. చిన్న పట్టణంలో అది కుదరదు. వచ్చినవాడికి చోటు దొరుకుతోందా లేదా, దాన్ని చూసి రేటు కట్టండి.

దీనికి ప్రపంచమంతా వాడే ఒక కొలత ఉంది. అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ జీవితమంతా పార్కింగ్ మీదే పనిచేశారు. వీధిలో 85 శాతం నిండి, ప్రతి వరసలో ఒకటో రెండో గడులు ఖాళీగా ఉండేలా రేటు ఉంటే అదే సరైన రేటు అన్నారాయన. అంతకన్నా నిండితే జనం చోటు కోసం చుట్టూ తిరుగుతారు. బాగా ఖాళీగా ఉంటే మనం అనవసరంగా తీసుకుంటున్నట్టు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2011 నుంచి దీన్ని అమలుచేసి చూసింది. 80 శాతం దాటిన వీధిలో గంటకు పావు డాలర్ పెంచారు. 60 నుంచి 80 మధ్య ఉంటే ముట్టుకోలేదు. 60 కంటే తగ్గితే పావు డాలర్, 30 కంటే తగ్గితే అర డాలర్ తగ్గించారు. కొన్ని వీధుల్లో రేటు బాగా పెరిగింది, చాలా వీధుల్లో తగ్గింది. మీటర్ల సగటు రేటు మొత్తం మీద కొంచెం దిగిందే గాని పెరగలేదు. మనం పావు డాలర్ బదులు ఐదు రూపాయలు అనుకుందాం, కొన్ని వారాలకోసారి బదులు ఆరు నెలలకోసారి చూద్దాం. నియమం అదే.

రేటు కంటే ముందు లెక్క. సర్వే అంటే పెద్ద ఖర్చు అనుకోకండి. డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు, అట్టలు, పెన్నులు ఉంటే చాలు. ఒక మామూలు రోజు, ఒక అంగడి రోజు, ఒక ఆదివారం ఎంచుకోండి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అరగంటకోసారి వీధి మొదలు నుంచి చివరి దాకా నడుస్తూ ఆగి ఉన్న ప్రతి బండి నంబర్లో చివరి నాలుగు అంకెలు రాయాలి. కాగితంలో అడ్డం వరసలు గడులకు, నిలువు వరసలు టైముకు. ఒక గడిలో పది గంటలకు 4417 రాశాక, పదిన్నరకూ అదే ఉంటే అడ్డంగా ఒక గీత గీస్తే సరిపోతుంది.

ఒక జిల్లా కేంద్రంలో బట్టల బజారు వీధికి ఇలాంటి కాగితాలు రాయించాను. సాయంత్రం వాటిని బల్ల మీద పరిచి చూస్తే, దుకాణాల ముందున్న గడుల్లో చాలావాటిలో పొద్దున రాసిన నంబరు పక్కన రాత్రి దాకా గీత ఆగకుండా సాగింది. పిల్లలకు అర్థం కాలేదు, ఆ వీధి వాళ్లకు చూపిస్తే వెంటనే చెప్పారు: అవి దుకాణాల యజమానుల కార్లు, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్ల బండ్లు. పొద్దున షట్టర్ తీసేటప్పుడు పెడితే రాత్రి మూసేటప్పుడే కదులుతాయి. "ఫీజు పెడితే గిరాకీ పోతుంది" అని వారం కిందట మీటింగులో వాదించినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. గిరాకీ రాకపోవడానికి ఉన్న కారణం వాళ్ల దుకాణం ముందే నిలబడి ఉంది. ఆ కాగితాలు వర్తక సంఘం పెద్దలకు చూపించాక మాట మారింది. యజమానుల కార్లకు వెనక వీధిలో ఖాళీ స్థలం చూపించి నెలకు తక్కువ మొత్తం పెట్టాం, ముందు వీధి గంటల లెక్కకు వదిలేశాం. అంకెలు లేకుండా ఆ మాటే వంద సార్లు చెప్పినా వినేవాళ్లు కాదు. అందుకే మిమ్మల్ని మొదట లెక్క రాయించమంటున్నాను.

ఇక మీ నాలుగు చోట్ల సంగతి.

మున్సిపాలిటీ ప్రధాన బజారులో లెక్క తీస్తే సాయంత్రాలు 90 శాతం పైనే నిండుతుందని నా అంచనా. అక్కడ గంటకు 20తో మొదలుపెట్టవచ్చు, రెండు గంటలు దాటితే గంటకు 30 చేయవచ్చు. ఎక్కువసేపు ఉండేవాడిని పక్కకు పంపడమే అక్కడ ఉద్దేశం. ఐదు నిమిషాలు నడిచే దూరంలో ఉన్న వెనక వీధుల్లో, మార్కెట్ యార్డు దగ్గరి స్థలంలో గంటకు 5 లేదా ఉచితం. ఈ తేడా జనానికి కనబడాలి. నడవగలిగినవాడు డబ్బు మిగుల్చుకుంటాడు, తొందరున్నవాడికి, ముసలివాళ్లను వెంటబెట్టుకొచ్చినవాడికి ముందు చోటు దొరుకుతుంది. దివ్యాంగులకు ద్వారం దగ్గర్లోనే కొన్ని గడులు ఉచితంగా విడిచిపెట్టండి, దాని మీద చర్చ అక్కర్లేదు. పొద్దున పది లోపు సరుకు దించే ట్రాలీ ఆటోలకు కూడా చోటు ఉంచండి. లేకపోతే అవి రోడ్డు మధ్యలో ఆగుతాయి, మీ పార్కింగ్ పథకం అంతా దాని వెనక చిక్కుకుపోతుంది. బైకుల విషయం మీరు అడగలేదు గాని ఒక్క మాట: ఒక కారు చోటులో ఐదారు బైకులు పడతాయి. వాటి రేటు కారు రేటులో ఐదో వంతు మించకూడదు, అసలు లేకపోయినా మంచిదే.

మండల కేంద్రాల్లో ఫీజు ఎందుకు వద్దంటున్నానో కూలి లెక్కతో చూడండి. మామూలు రోజు 25 కార్లు వస్తాయనుకుందాం. ఒక్కోదానికి 10 రూపాయలంటే రోజుకు 250, నెలకు 7,500. వసూలు చేసే మనిషి జీతానికే అది చాలదు. రసీదు పుస్తకాలు, బోర్డులు దానికి అదనం. పంచాయతీ చేతి నుంచి డబ్బు పెట్టి ప్రజల మీద చికాకు కొనుక్కున్నట్టు అవుతుంది. అంగడి రోజు మాత్రం లెక్క వేరు. ఆ ఒక్క రోజు బస్టాండ్ ముందు రోడ్డును ఖాళీగా ఉంచి, స్కూల్ మైదానమో ఇంకో చోటో చూపించి, అవసరమైతే కారుకు ఒక చిన్న మొత్తం తీసుకోండి. తైబజారు (అంగడి రుసుము) వసూలు చేసే మనిషే ఆ పనీ చూసుకుంటాడు, వేరే జీతం పడదు.

మండల కేంద్రాల్లో ఇంకో రకం కార్లు ఉంటాయి, వాటిని జాగ్రత్తగా చూడండి. పొద్దున ఆరేడు గంటలకు బస్టాండ్ దగ్గరో రైల్వే స్టేషన్ దగ్గరో పెట్టి, బస్సో రైలో ఎక్కి నగరానికి పనికెళ్లేవాళ్లవి. అవి రోజంతా కదలవు కాబట్టి లెక్కలో బజారు కార్లలాగే కనబడతాయి, కానీ వాళ్లు చేస్తున్నది మనందరికీ మేలు. అక్కడ గంటల రేటు పెడితే వాళ్లు ఆ కారు తీసుకుని నేరుగా నగరంలోకే వస్తారు. 2024లో నాగోల్, మియాపూర్ మెట్రో స్టేషన్ల దగ్గర ఉచిత పార్కింగ్ తీసేస్తామన్నప్పుడు ప్రయాణికులు అంతగా ఎందుకు నిరసన తెలిపారో ఆలోచించండి. టికెట్టు డబ్బులకు పార్కింగ్ డబ్బులు తోడైతే బైకు మీద నేరుగా పోవడమే చవక అనిపిస్తుంది. ఇలాంటి చోట నెల పాసు పెట్టండి, రోజుకు లెక్కేస్తే పది రూపాయలు దాటకూడదు. ఆర్టీసీ నెల పాసు చూపిస్తే అదీ తగ్గించండి.

గుడి ఊరి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

గంటల లెక్క పెట్టాలంటే ఆ గంటలు మనిషి చేతిలో ఉండాలి. బట్టల దుకాణంలో ఎంతసేపు ఉండాలో కొనేవాడి ఇష్టం. త్వరగా తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది. దర్శనం క్యూ అలా కాదు. ఎప్పుడు బయటపడతారో భక్తుడికి తెలియదు. 2022లో యాదగిరిగుట్టలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పునర్నిర్మాణం తర్వాత మార్చిలో ఆలయం తెరుచుకుంది. మే నుంచి కొండపైకి కారు తీసుకెళ్తే 500 రూపాయలు, గంట దాటితే ఆపైన ప్రతి గంటకు మరో 100 అన్నారు. వెంటనే వ్యతిరేకత వచ్చింది. ఆ గంటకు 100 తీసేశారు, 500 ఉంచారు. నా దృష్టిలో ఆ రెండు మొత్తాలు రెండు వేర్వేరు విషయాలు. కొండ మీద స్థలం తక్కువ, కార్లు అన్నీ పైకి వెళ్తే ఇరుకైపోతుంది. కింద కారు ఆపి బస్సులో వెళ్లే దారి ఉన్నంతవరకు పైకి కారు కావాలనుకునేవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవడంలో అర్థం ఉంది. కానీ క్యూలో నిలబడ్డ గంటలకు డబ్బు తీసుకోవడం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మీ ఊరికి ఇదే వర్తిస్తుంది. గుడి గేటు దగ్గరి చోటుకు ఒక్కసారి కట్టే రేటు, 50 అనుకోండి. ఊరి మొదట్లో పెద్ద స్థలంలో 20, అక్కడి నుంచి గుడి దాకా నీడ ఉన్న నడకదారి, పెద్దవాళ్లకు ఒక బండి. రోజంతా ఎంతసేపు ఉన్నా అంతే. జాతర రోజుల్లో రైతులు కోతలైన పొలాల్లో కార్లు పెట్టించుకుని డబ్బు తీసుకుంటారు. దాన్ని ఆపకండి. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే జనవరి, ఫిబ్రవరి రోజుల్లో చుట్టుపక్కల ఖాళీ స్థలాలన్నీ పార్కింగ్ అయినట్టే ఇక్కడా అవుతాయి. పంచాయతీ చేయాల్సిందల్లా గరిష్ఠ రేటు ఒకటి నిర్ణయించి, ఆ బోర్డు పెట్టినవాళ్లకే అనుమతి ఇవ్వడం. ఊరివాళ్ల సొంత బండ్లకు ఏ రోజూ ఫీజు ఉండకూడదు. వాళ్ల ఇంటికి వాళ్లు వెళ్లడానికి రసీదు చూపించాల్సి వస్తే ఆ పథకం ఊళ్లో ఒక్క నెల నిలవదు.

ఆసుపత్రికీ ఇదే సూత్రం. మీ మున్సిపాలిటీలో ప్రభుత్వ ఆసుపత్రి బజారుకు దగ్గరని రాశారు. అక్కడ గంటల రేటు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిని మీటరు తిరుగుతోందన్న టెన్షన్ కూడా పట్టుకోకూడదు. 24 గంటలకు చెల్లే ఒక టోకెన్, నామమాత్రపు మొత్తం. ఓపీ చిట్టీ చూపిస్తే అదీ వద్దు. ఆసుపత్రి స్థలాన్ని బజారుకొచ్చినవాళ్లు వాడుకుంటారన్న భయం నిజమే, దానికి మందు ఓపీ చిట్టీయే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, తహసీల్దార్ ఆఫీసు, కోర్టు కూడా ఈ కోవలోనివే. సర్వర్ పనిచేయక రిజిస్ట్రేషన్ ఆలస్యమైతే పార్కింగ్ రుసుము పౌరుడి మీద వేయడం అన్యాయం.

ఇప్పుడు వేలం పాట. మీరు దీన్ని ఒక్క వాక్యంలో అడిగారు. నా అనుభవంలో రేటు కంటే ఇదే పెద్ద ప్రశ్న. రేట్ల పట్టిక ఎంత న్యాయంగా రాసినా, ఎక్కువ పాడినవాడికి హక్కు ఇచ్చేస్తే ఆ పట్టిక గోడ మీదే ఉండిపోతుంది.

ఎందుకో లెక్క చూడండి. 40 గడులు ఉన్నాయి, గంటకు 20, రోజుకు పది గంటలు, సగటున 60 శాతం నిండుతాయనుకుందాం. రోజుకు 4,800 రూపాయలు. నెలకు 26 రోజులు పట్టుకుంటే సుమారు లక్షా పాతిక వేలు. ఇప్పుడు పాటలో పోటీ పెరిగి ఒకాయన ఏడాదికి 18 లక్షలకు పాడాడు. అంటే నెలకు లక్షన్నర మున్సిపాలిటీకే కట్టాలి. ఇద్దరు మనుషుల జీతాలు ఇంకో 30 వేలు. లక్షా పాతిక వచ్చే చోట లక్షా 80 వేలు రాబట్టాలి, తన లాభం ఆ పైన. మున్సిపాలిటీలో అందరూ "రికార్డు ధర పలికింది" అని సంతోషిస్తారు. ఆ తేడా ఎవరి జేబులోంచి వస్తుందో ఎవరూ అడగరు. ఆదివారం రేటు రెట్టింపవుతుంది. చిల్లర లేదంటారు. 40 గడుల చోట 60 కార్లు నింపుతారు, అవి రోడ్డు మీదికి వస్తాయి. రోడ్డు మీద ఊరికే ఆగినవాడి దగ్గరికీ వచ్చి డబ్బులడుగుతారు.

ఒక పట్టణంలో నా చేతికిచ్చిన రసీదు వర్ణిస్తాను, మీ దగ్గర ఇలాంటిది రాకూడదు కాబట్టి. రెండు వేళ్లంత పసుపు కాగితం. మీద రబ్బరు స్టాంపు, మసకగా. బండి నంబరు లేదు, వచ్చిన టైము లేదు, తేదీ కూడా లేదు. మున్సిపాలిటీ పేరు లేదు. అచ్చుపడి స్పష్టంగా కనబడిన వాక్యం ఒకటే: "వాహనమునకు మేము బాధ్యులము కాము." రేటు పట్టికలో గంటకు 10 అని ఉంది, తీసుకున్నది 30. ఆ అబ్బాయిని అడిగితే "నాకు రోజుకు ఇంత తెచ్చివ్వమన్నారు సార్" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. పద్ధతే అతన్ని అక్కడ నిలబెట్టింది. ఆ "బాధ్యులము కాము" అన్న మాట కూడా ఎప్పుడూ కాపాడుతుందనుకోవద్దు. 2019లో ఒక హోటల్ కేసులో సుప్రీంకోర్టు, తాళం చెవి తీసుకుని బండి పెట్టించుకున్నాక, అది పోతే బండి యజమానిదే రిస్క్ అని చీటీ మీద రాసినంత మాత్రాన తప్పించుకోలేరని చెప్పింది. అక్కడ తాళం చెవి అప్పగించారు, వీధి పార్కింగ్‌లో అది ఉండదు. అయినా డబ్బు తీసుకునేవాడికి కొంత బాధ్యత ఉందన్న స్పృహ మీ కాంట్రాక్టులో కనబడాలి.

పాటకు బదులు పని కాంట్రాక్టు ఇవ్వండి. అంటే వసూలు మొత్తం మున్సిపాలిటీ ఖాతాకు వస్తుంది, మనుషులను పెట్టి నడిపినందుకు నెలకు ఇంత అని ఏజెన్సీకి మీరు ఇస్తారు. మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇవ్వవచ్చు, నేను చూసిన చోట లెక్క తేడా రాకుండా నడిపారు. ఆర్టీసీ కండక్టర్ల దగ్గర ఉండే టిమ్ మిషన్ లాంటిది చేతికివ్వండి. నంబరు, టైము, రేటు అచ్చుపడి వస్తాయి. డబ్బులు కట్టే క్యూఆర్ కోడ్ మున్సిపాలిటీ ఖాతాదే ఉండాలి, మనిషి సొంత ఫోన్‌ది ఉండకూడదు. శంషాబాద్ విమానాశ్రయంలో 2019లోనే ఫాస్టాగ్‌తో పార్కింగ్ మొదలైంది, నాంపల్లిలో కార్లను యంత్రమే పైకెత్తి సర్దే బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. అవి చూసి మీ వాళ్లు ముచ్చటపడొచ్చు. మీ పట్టణానికి అవేవీ అవసరం లేదు. తెల్ల గీతలు, పెద్ద అక్షరాల బోర్డు, మిషన్ రసీదు, ఫిర్యాదుకు ఎత్తే ఫోన్ నంబరు. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే చాలు.

దుకాణదారుల అభ్యంతరానికి వస్తాను. మీటింగులో ఎవరో ఒకరు "మొదటి అరగంట ఉచితమని ప్రభుత్వమే జీవో ఇచ్చింది కదా" అంటారు. 2018లో వచ్చిన ఆ ఉత్తర్వు మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాలకు. వాటిలో మొదటి 30 నిమిషాలు ఉచితం. అరగంట నుంచి గంట దాకా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే బిల్లు పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉండాలి. మున్సిపాలిటీ వీధికి అది వర్తించదు. అయితే అందులోని ఆలోచన మంచిదే. వెనక వీధుల్లో, చిన్న బజార్లలో మొదటి 20 నిమిషాలు ఉచితంగా ఉంచండి, మందుల షాపుకో టిఫిన్ సెంటర్‌కో వచ్చినవాడికి ఇబ్బంది ఉండదు. ప్రధాన బజారులో మాత్రం వద్దు. అక్కడ రద్దీ అంతా అలా కాసేపు ఆగే బండ్లదే.

ఇంకో వాదన కూడా వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి: "ఫీజు పెడితే డబ్బున్నవాళ్లకే చోటు." మీ ప్రాంతంలో బజారుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది బస్సులో, షేర్ ఆటోలో, బైకు మీద, నడిచి వస్తారు. కారు ఉచితంగా ఆగడానికి రోడ్డు వెడల్పు తగ్గితే ఆ నష్టం భరించేది వాళ్లే. బస్సు ఇరుక్కుపోతుంది, నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. కారు ఉన్నవాళ్లలోనూ అందరూ ఒకటి కాదన్నది నిజం. అప్పుచేసి సెకండ్ హ్యాండ్ కారు కొని కిరాయికి నడుపుకునేవాడు ఉంటాడు. అతనికి పక్క వీధిలో ఉచితం ఉండాలి. అందుకే ప్రతి ఖరీదైన చోటుకు నడిచే దూరంలో ఒక ఉచితమైన చోటు చూపించకుండా రేటు ప్రకటించవద్దని ప్రతి కౌన్సిల్‌కూ చెబుతుంటాను.

వచ్చిన డబ్బు ఎక్కడ వచ్చిందో అక్కడే ఖర్చు కావాలి. మీ గుడి ఊరి డబ్బు మున్సిపాలిటీ కాలువలకు వాడితే సర్పంచ్ గారు రెండో నెలకే సహకరించడం మానేస్తారు, మానేయడంలో తప్పూ లేదు. బజారు డబ్బుతో ఆ బజారులోనే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, లైట్లు, ఫుట్‌పాత్. ఒక పట్టణంలో మొదటి మూడు నెలల వసూలుతో ముందుగా మరుగుదొడ్డి బాగుచేసి, ఎంత వచ్చింది, ఎంత పెట్టాం అని అక్కడే బోర్డు రాయించాం. అప్పటిదాకా పార్కింగ్ మనిషితో రోజూ వాదించిన దుకాణదారులే తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకు రేటు చెప్పి పంపించారు.

చట్టం మాట క్లుప్తంగా. వాహనాలు ఆగే చోట్లను నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 1988లోని 117వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారమిచ్చిన సంస్థకు ఉంది, స్థానిక సంస్థను సంప్రదించి ఆ పని చేయాలి. కాబట్టి కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలనుకోకండి, పోలీసులతో కూర్చుని ఎక్కడ ఆపవచ్చు, ఎక్కడ ఆపకూడదు అని పటం మీద గీయించి కాగితం మీద పెట్టించండి. రోడ్డు ఆర్ అండ్ బీది అయితే ఆ శాఖను ముందే కలపండి. ఆపకూడని చోట ఆపినవాళ్ల మీద చర్య లేకపోతే డబ్బు కట్టి గడిలో పెట్టుకునేవాడు తెలివితక్కువవాడైపోతాడు. నగరంలో ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో ఆపరేషన్ రోప్ మొదలుపెట్టింది అడ్డంగా ఆపే బండ్లు, ఫుట్‌పాత్ ఆక్రమణల మీదే. మీ దగ్గర అంత అక్కర్లేదు, సాయంత్రం రెండు గంటలు ఒక కానిస్టేబుల్ నిలబడితే చాలు.

చివరిగా పాసులు. ఆ బజారు వీధిలో ఇల్లు ఉండి, ఇంట్లో కారు పెట్టుకునే చోటు లేనివాళ్లకు ఇంటికి ఒకటి చొప్పున నెల పాసు, అదీ వెనక వీధికి మాత్రమే. అంబులెన్సు, ఫైరింజను, దివ్యాంగుల వాహనాలకు ఎలాగూ ఫీజు లేదు. కౌన్సిలర్లకు, అధికారులకు, విలేకరులకు, పార్టీ నాయకులకు ఉచిత పాసులు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఒక్కటి కూడా ఇవ్వకండి. తీర్మానంలోనే ఆ వాక్యం రాయించండి, మొదటి రోజు కమిషనర్ గారి కారుకు, చైర్‌పర్సన్ గారి కారుకు రసీదు కోయించండి. డ్యూటీ మీద వచ్చిన అధికారి ఆ రసీదును ఆఫీసులో పెట్టి డబ్బు తీసుకుంటారు, ఇబ్బందేమీ లేదు. లెక్క కాగితాలు రాయించాక ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, ఏ వీధికి ఎంత రేటు పడుతుందో కూర్చుని చూసి చెబుతాను.